ఐసుదిమ్మ అంతిమయాత్ర

ఆ రోజు పొద్దున పున్నయ్య మేస్టారి పథకం చాలా చిన్నది. కౌల్ బజారు నుంచి ఒక ఐసుదిమ్మ తెప్పించాలి, అది కరిగిపోకముందే పాఠం చెప్పాలి, తన ఉద్యోగం నిలబెట్టుకోవాలి. ఇంతకంటే సులువైన పని లోకంలో ఉండదని నమ్మాడు, పాపం.

బళ్ళారిలో కొత్తగా పెట్టిన ఇంజనీరింగు కాలేజీలో ఆయన మొదటి సంవత్సరం పిల్లలకు భౌతిక రసాయనశాస్త్రం చెబుతాడు. చెబుతాడన్న మాటే గానీ వినేవాళ్ళేరీ? "వంతెనలు కట్టేటోల్లం మేము. మాకీ సీసాలు, గొట్టాలు యాల సార్?" అని రామాంజినేయులు అనే పొడుగాటి కుర్రాడు తొలివారమే అడిగేసి, సగం క్లాసును వెంటేసుకుని సినిమాకు పోయాడు. మిగతా సగం మరుసటి వారం పోయింది. ప్రిన్సిపాలు కొట్రేశప్ప కూడా, "ఇన్‌స్పెక్షనప్పుడు బెంచీలు ఖాళీగా ఉంటే సబ్జెక్టు ఎత్తేస్తారప్పా. నేను చేసేదేమీ లేదు," అని ముందే చేతులు దులుపుకున్నాడు. సబ్జెక్టు పోతే పున్నయ్య ఉద్యోగమూ పోతుంది. అప్పుడిక ఎమ్మిగనూరు వెళ్ళి, గుంటూరు నుంచి వచ్చి కాలవ కింద పొలాలు కొన్న తండ్రి ముందు నిలబడాలి. "చదివి ఊడబొడిచింది చాల్లే, చెరుకు కొట్టు," అంటాడాయన. ఆ మాట అనడానికి రెండేళ్ళుగా సిద్ధంగా ఉన్నాడు కూడా.

ఆ ఇన్‌స్పెక్షను ఇవాళే. ఐసులో ఉప్పు కలిపి, అందులో పాలగొట్టాలు నిలబెట్టి, కళ్ళముందే కుల్ఫీ చేసి చూపించాలని మేస్టారి ఎత్తు. వచ్చిన నలుగురూ బయటికెళ్ళి చెప్పుకుంటే మిగతావాళ్ళు పరిగెత్తుకొస్తారని ఆశ. అందుకని కాలేజీ అటెండరు జంబన్నను పక్కకు పిలిచాడు.

"జంబన్నా, ఈ ఎండకి చిన్నముక్క తెస్తే దార్లోనే నీళ్ళయిపోద్ది. మనిషంత దిమ్మ తీసుకో. బండిలో వరిగడ్డి పరిచి పడుకోబెట్టు. పైన ఈ తెల్లపంచె కప్పు, తెలుపు మీద ఎండ నిలవదు. రెండు చివర్లా తాడుతో బిగించు."

"అట్లనే సార్."

"బండి మెల్లిగా తోలించు, కుదుపులకు పగిలిపోద్ది. నువ్వు వెనకాలే నడుస్తూ కనిపెట్టుకుని ఉండు. ఇంకో మాట. నువ్వు నోరు తెరిస్తే మూయవు. దార్లో బ్రహ్మదేవుడు పలకరించినా మాట్లాడొద్దు. తిన్నగా తెచ్చి క్లాసులో బల్లమీద పెట్టు."

శాస్త్రం ప్రకారం ఇందులో ఒక్క పొరపాటూ లేదు. లోకం ప్రకారమే ఒక్కటీ సరిగ్గా లేదు.

జంబన్న చెప్పింది చెప్పినట్టు చేశాడు. పైగా మేస్టారి మీద అభిమానంతో తన చొక్కా కూడా విప్పి దిమ్మమీద కప్పాడు. కౌల్ బజారు సందుల్లో ఒంటెద్దు బండి మెల్లగా సాగుతోంది. మీద గడ్డి, తెల్లపంచె, తాళ్ళు. వెనక ఒంటిమీద చొక్కా లేని మనిషి, తల వంచుకుని, కళ్ళల్లో పడే చెమట తుడుచుకుంటూ. అంగళ్ళ వాళ్ళు లేచి నిలబడ్డారు. చెప్పులు విడిచారు. పూలమ్మే హంపమ్మ జంబన్నను గుర్తుపట్టి గుండె బాదుకుంది.

"అయ్యో శివనే! ఎవురు జంబన్నా పోయింది?"

జంబన్న ఆజ్ఞ గుర్తుకొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఆవిడకు అంతకంటే వివరం అక్కర్లేకపోయింది. ఉన్న పెద్దదండ తెచ్చి దిమ్మమీద వేసింది. బండి కింద బొట్లు బొట్లుగా కారుతున్న నీళ్ళు చూసి, "పాపం, రాత్రే పోయినట్టుండాది. ఐసులో పెట్టినారు," అంది.

ఆ పక్క హోటల్లో టీ తాగుతున్న రామాంజినేయులు గ్లాసు దించేశాడు. "మా ప్రిన్సిపాల్ కడుపునొప్పని నిన్నట్నుంచి కాలేజీకి రాల్యా!"

ఇంకేముంది! శవం ఎదురైతే నాలుగడుగులు వెంట నడవడం ఆ ఊరి మర్యాద. నాలుగడుగులు వేసినవాళ్ళు పెద్దమనిషని తెలిసి వెనక్కి తిరగలేదు. పెళ్ళి నుంచి తిరిగొస్తున్న తప్పెటవాళ్ళు అడక్కుండానే అందుకున్నారు. ఎవరో బొరుగులు చల్లారు. జంబన్న వెనక్కి తిరిగి చూసి నీళ్ళు నమిలాడు గానీ, నోరు మాత్రం విప్పలేదు. నమ్మకస్తుడంటే అలా ఉండాలి.

అక్కడ క్లాసులో ముగ్గురే పిల్లలున్నారు. బొంబాయి నుంచి వచ్చిన పార్సీ పెద్దమనిషి ఇన్‌స్పెక్టరు. ఆయనకు తెలుగూ రాదు, కన్నడమూ రాదు, ఇక్కడి పద్ధతులు అసలే తెలియవు. ఖాళీ బెంచీలను చూసి కలం మూత తీశాడు. పున్నయ్యకు ఎమ్మిగనూరు చెరుకుతోట కళ్ళముందు కదిలింది.

అప్పుడు వినిపించాయి తప్పెట్లు.

తలుపులు బార్లా తెరుచుకున్నాయి. పూలదండలతో దిమ్మ రామాంజినేయులు, మరో ముగ్గురి భుజాలమీద లోపలికొచ్చింది. దాని వెనక కాలేజీ మొత్తం వచ్చింది, కాలేజీ వెనక ఊరు వచ్చింది. బెంచీలు నిండాయి, గోడలవెంట జనం, కిటికీల్లో జనం. దిమ్మ బల్లమీదకు చేరింది. రామాంజినేయులు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. మేస్టారికి సంగతి అర్థమైంది. గబగబా తాళ్ళు విప్పబోతే, "వద్దు సార్, చూడలేము!" అంటూ కుర్రాడు చెయ్యి పట్టుకున్నాడు.

ఇంతలో గుమ్మంలో గావుకేక. "ఎవురప్పా నన్ను సంపింది?"

కొట్రేశప్ప. పరామర్శకు ఇంటికొచ్చినవాళ్ళను తోసుకుని, చేతిలో మజ్జిగచెంబుతో సహా వచ్చేశాడు.

"లేచొచ్చినాడు!" అని హంపమ్మ కెవ్వుమంది. జనం తలుపువైపు తోసుకున్నారు. బయటి జనం లోపలికి తోసుకున్నారు. ఎవరూ ఎటూ కదల్లేకపోయారు. పున్నయ్య పంచె లాగేసి, సుత్తితో ఐసుమీద ఫెడీల్మని కొట్టాడు.

"ఎక్కడివాళ్ళక్కడ కూర్చోండి! ఏడవడానికి ఇంతదూరం వచ్చారు, పాఠానికి పావుగంట కూర్చోలేరా?"

ఎన్నడూ లేంది ఆయన గొంతు ఖంగుమంది. ఆయనకే ముచ్చటేసింది. ఐసు పగలగొట్టి తొట్టిలో పోశాడు, కల్లుప్పు గుమ్మరించాడు, తీపిపాల గొట్టాలు దించి తిప్పసాగాడు. జనం మెడలు చాచారు. పాలు గడ్డకట్టాయి.

కన్నీళ్ళు తుడుచుకుంటూ రామాంజినేయులే అడిగాడు. "ఉప్పేస్తే ఐసు కరుగుతాండాది గదా సార్. మళ్ళా చలవెట్ల పెరుగుతాది?"

ఏడాదిగా ఈ ప్రశ్న కోసమే కదా మేస్టారు బతుకుతున్నది! ఆనందం పట్టలేక బల్ల చరిచాడు. "కరగాలంటే వేడి కావాలిరా! ఉప్పేమో కరుగు, కరుగు అని ఐసు పీకమీద కూర్చుంటుంది. వేడి ఎక్కణ్ణుంచి తేవాలది? పక్కనున్న పాలనుంచి లాక్కుంటుంది! అసలు నువ్వు మోసుకొచ్చిన దిమ్మ ఎట్లా తయారైందనుకున్నావ్? చల్లటి ఉప్పునీళ్ళ తొట్టిలో మంచినీళ్ళ డబ్బాలు దించి. ఆ ఫ్యాక్టరీ కట్టింది ఎవరు? ఇంజనీరు!"

తప్పెటవాళ్ళు ఆగలేక ఒక దరువు వేశారు. మొదటి కుల్ఫీ ప్రిన్సిపాలుకే ఇచ్చారు. కడుపులో మంటకు హాయిగా తగిలేసరికి ఆయన తిట్టబోయిన తిట్లు మింగేసి, "ఇంకొకటుందేమప్పా?" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు లేచి పున్నయ్య చేతులు పట్టుకున్నాడు. దేశంలో ఎన్నో కాలేజీలు తిరిగాననీ, పాఠానికి కావలసిన సరంజామాను ఊరంతా పూజించి, మేళతాళాలతో, ఆనందబాష్పాలతో ఊరేగించి తేవడం ఎక్కడా చూడలేదనీ ఇంగ్లీషులో అన్నాడు. సబ్జెక్టు ఉంచడమే కాదు, రెండో సంవత్సరానికీ పెంచమని అక్కడికక్కడే చెప్పాడు. మేస్టారి ఉద్యోగం ఖాయం. రామాంజినేయులు ఆయన్ను భుజాలమీదకెత్తుకున్నాడు. మనసులో చెరుకుతోటకు దణ్ణం పెట్టి, పున్నయ్య ఆ ఎత్తునుంచి ఊరందర్నీ చూసి నవ్వాడు.

మరుసటి ఏడాది కూడా ఐసు వచ్చింది గానీ, కాలేజీ కమిటీ తీర్మానం ప్రకారం బండి ముందుభాగంలో ప్రిన్సిపాలు స్వయంగా కూర్చుని, దారిపొడుగునా అందరికీ చెయ్యి ఊపుతూ వచ్చాడు.