తేనెటీగ పాసు

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, అపార్ట్‌మెంటు లాబీలో పడే ఎండ ఎవరి సొత్తో తేల్చి చెప్పగల వ్యవస్థ అని తడుముకోకుండా చెబుతాను. అడవిలో ఎండ ఎవరి మీద పడితే వాళ్లదే. అందుకే అది అడవిగానే ఉండిపోయింది. మా అపార్ట్‌మెంటులో అలాంటి విచ్చలవిడితనం కుదరదు.

మా ఆవిడ ఓ నారింజ మొక్కను ఇంట్లో కుండీలో పెంచుతోంది. ఈ పిచ్చి మా బిల్డింగులో కొత్తేమీ కాదు. మూడో అంతస్తు పళ్ల డాక్టరు గారి బాత్‌రూములో అరటి మొక్క ఉంది (ఆయన వైద్యం చేసేది వేరే పళ్లకు). మా పై ఇంటి లెక్చరరు గారు అనాసపండు తలకాయ తుంచి మట్టిలో గుచ్చి, దానికి రోజూ మంచి మాటలు చెబుతుంటారు. అది ఇంతవరకు ఆయన విద్యార్థుల్లాగే ఉలకలేదు, పలకలేదు.

మా నారింజ అలా కాదు, ఏటా విరగబూస్తుంది. ఇల్లంతా ఒకటే వాసన. వారం తిరక్కుండా ఒక్క పిందె కూడా పడకుండా పూలన్నీ రాలిపోతాయి. మా ఆవిడ వాటిని చీపురుతో ఊడ్వనివ్వదు, ఒక్కొక్కటే చేత్తో ఏరుతుంది. ఆ రెండు రోజులూ ఎవరితోనూ మాట్లాడదు. నా తప్పేమీ లేదని తెలిసినా ఏదో తప్పు చేసినవాడిలా తిరుగుతుంటాను.

ఈసారి నర్సరీ ఆయన్ని అడిగితే అసలు సంగతి చెప్పాడు. "మీ ఇంట్లోకి ఎండ రాదు. కిటికీలకేమో దోమల మెష్. తేనెటీగ ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా? మొక్కని ఎండలో పెట్టండి. మెత్తటి బ్రష్‌తో ఈ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకి అద్దండి. తేనెటీగ పని మీరే చేసెయ్యండి."

"ఈసారి కూడా కాయ నిలవకపోతే కుండీ ఎవరికైనా ఇచ్చేస్తాను" అంది మా ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది. కళ్లే మామూలుగా లేవు.

మా బిల్డింగులో నిండుగా ఎండ పడేది ఒక్కచోటే, కింద లాబీలో అద్దాల గోడ పక్కన. అక్కడ కుండీ పెట్టాలంటే సెక్రటరీ గారి అనుమతి కావాలి. ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి (ఉద్యోగం ఆయన్ని వదిలింది కానీ, ఆయన దాన్ని వదల్లేదు). వెంటనే ఉమ్మడి ఎండ వినియోగ ఉపసంఘాన్ని సమావేశపరిచారు. దానికి అధ్యక్షుడూ సభ్యుడూ తానే కాబట్టి, తనతో తాను సుదీర్ఘంగా వాదించి, చివరికి తన మాట తానే విని ఒప్పుకున్నారు.

పూలు విచ్చాయి. మా ఆవిడ మా అమ్మాయి రంగుల పెట్టెలోంచి బ్రష్ తీసుకుని, లాబీలో పీట వేసుకుని కూర్చుని, ఒక్కో పువ్వుకీ పుప్పొడి అద్దడం మొదలుపెట్టింది. సీసీ కెమెరాలో ఆ దృశ్యం చూసిన సెక్రటరీ గారు కాళ్లకు చెప్పులైనా లేకుండా దిగొచ్చారు.

"ఏం చేస్తున్నారమ్మా?"

"తేనెటీగ పని చేస్తున్నానండీ."

"ఉమ్మడి స్థలంలో పని చేసేవాళ్ల పేరు మన బిల్డింగు యాప్‌లో ఉండాలి కదమ్మా. మీది లేదే!"

"నేను ఇక్కడే ఉంటాను కదండీ. ఐదో అంతస్తు."

"ఉండటం వేరు, పని చెయ్యడం వేరు."

వాదించే తీరిక ఆమెకు లేదు. పూలు వాదన అయ్యేదాకా ఆగవు. యాప్‌లో పాలు, పేపరు, ప్లంబరు, ఇంటిపని, కుక్కల్ని తిప్పేవాళ్లు, అందరూ ఉన్నారు గానీ తేనెటీగ లేదు. సెక్రటరీ గారు పెద్ద మనసుతో కొత్త విభాగమే తెరిచారు. మా ఆవిడను ఎదురు నుంచి, పక్క నుంచి ఫొటోలు తీసి, మెడలో వేసుకునే పాసు చేతికిచ్చారు. దాని మీద "తేనెటీగ (తాత్కాలికం)" అని ఉంది. పని పూర్తవగానే పాసు రద్దవుతుంది. పని పూర్తయిందనడానికి పండిన పండు చూపించాలి.

మర్నాడు లిఫ్ట్ ఆమె ముఖం చూసి తలుపు తెరవలేదు. "సిబ్బంది వెనక మెట్లు వాడగలరు" అంది (మా లిఫ్ట్ గొంతు చాలా మర్యాదగా ఉంటుంది).

సెక్రటరీ గారిని అడిగితే చిలక్కి చెప్పినట్టు చెప్పారు. "యాప్ ఒక ముఖానికి ఒకే హోదా ఇస్తుందమ్మా. పాసు వద్దంటే ఇప్పుడే తీసేస్తాను. కుండీ కూడా తీసెయ్యాల్సి ఉంటుంది మరి."

ఇంకా సగం పూలు పుప్పొడి కోసం ఎదురు చూస్తున్నాయి. మా ఆవిడ వాటి వైపోసారి చూసి, వెనక మెట్ల వైపు నడిచింది.

ఆ మెట్ల మీద రోజూ మా ఇంట్లో గిన్నెలు తోమే అక్క కలిసేది. మా ఇంటికి పనికి వచ్చినప్పటి నుంచీ ఆమె ఐదంతస్తులూ అలాగే ఎక్కి వస్తోందని మాకు అప్పుడే తెలిసింది (అంతకుముందు తెలుసుకోవలసిన అవసరం పడలేదు).

"నీకు మోకాళ్లు నొప్పెట్టవా?" అని అడిగిందట మా ఆవిడ.

"ఎందుకు పెట్టవమ్మా, పెడతాయి."

ఆపైన సంభాషణ సాగడానికి ఇద్దరిలో ఎవరి దగ్గరా ఊపిరి మిగల్లేదు.

కట్టిన పిందెలు రాలగా రాలగా ఒక్కటి నిలిచింది. పెరిగింది, పచ్చబడింది, ఎర్రబారింది. మా ఆవిడ ఆఫీసుకు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి దాన్ని ముట్టుకుని వచ్చేది. చిన్నపిల్లలా ఉన్న ఆమెను చూస్తే నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

ఓ సాయంత్రం సెక్రటరీ గారికి చూపిద్దామని పండు కోసి సంచీలో వేసుకుని మెట్ల వైపు వెళ్తుంటే గార్డు ఆపాడు.

"సంచీ తెరవాలమ్మా. సిబ్బంది సంచీ చూడాలని రూలు."

"నేనెవరో నీకు తెలీదా?"

"నాకు తెలుసమ్మా. యాప్‌కి తెలియాలి కదా."

నేనింకా ఆఫీసులోనే ఉన్నాను. ఫోన్‌లో యాప్ మోగింది. "మీ ఇంటి తేనెటీగ వద్ద ఒక నారింజపండు దొరికింది. ఇది మీరు ఇచ్చినదేనా?" కింద రెండు బటన్లు, అవును, కాదు. నేను చచ్చినా అబద్ధమాడని మనిషిని. ఆ పండు నేనిచ్చింది కాదు, ఆమె కష్టపడి పండించుకున్నది. భార్య కష్టాన్ని నా ఖాతాలో వేసుకోవడం ఇష్టంలేక "కాదు" నొక్కాను.

ఇంటికొచ్చేసరికి బిల్డింగంతా లాబీలోనే ఉంది. పండు గార్డు బల్ల మీద, స్వాధీనం చేసుకున్న వస్తువుల ట్రేలో, ఎవరిదో సగం అరిగిన సబ్బు పక్కన కూర్చుని ఉంది. మా ఆవిడ ఏడుస్తోంది.

"నా చేతుల్తో పెంచుకున్న పండు పట్టుకెళ్తుంటే దొంగని చేస్తారా? అందరి ముందూ సంచీ తెరిపిస్తారా? మనిషికి ఆమాత్రం మర్యాద ఉండదా?"

వెనక తన సంచీ తెరిచి పట్టుకుని నిలబడ్డ అక్క ముందుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఊరుకోండమ్మా. మొదట్లో అలాగే ఉంటుంది. కొన్నాళ్లు పోతే వాళ్లు అడక్కముందే మనమే తెరిచేస్తాం."

సందర్భం లేకుండా మాట్లాడినందుకు అందరూ అక్కను పెద్ద మనసుతో క్షమించారు.

అక్కడికక్కడే అత్యవసర సమావేశం జరిగింది. పళ్ల డాక్టరు గారు ఇది అమానుషమన్నారు. లెక్చరరు గారు ఆత్మగౌరవం మీద ఉపన్యసించి, అనాస మొక్క లేని లోటు మా మీద తీర్చుకున్నారు. సెక్రటరీ గారు పాసు రద్దు చేసి, పండును రెండు చేతులతో అందించి, క్షమాపణ చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. లిఫ్ట్ ఆమె ముఖం చూసి తలుపు తెరిచింది. మట్టి ఉన్న వస్తువులను లిఫ్ట్‌లో ఎక్కించకూడదు కాబట్టి కుండీని మాత్రం అక్క నెత్తిన పెట్టుకుని వెనక మెట్ల మీదుగా తెచ్చింది.

పండు పుల్లగా ఉంది. మా ఆవిడ తియ్యగా ఉందంది. ఈసారి నేను కాదనలేదు.

మర్నాడు విచారణ నివేదిక నోటీసు బోర్డుకెక్కింది. సంచీ తెరిపించే రూలులో ఏ లోపమూ లేదట. అది పొరపాటున మాకు వర్తించడమే లోపమట.