గవరయ్య సున్నా అయితే

ఆ ఉదయం ఎరుకమ్మ పెట్టుకున్న పని ఒక్కటే: కూతురు ప్రమీలకి చేపల పులుసు క్యారియర్ కట్టి, డాలీగంజ్‌లో బస్సెక్కించడం. బోటు టికెట్లిచ్చే కంప్యూటరు ప్రోగ్రాము రాసింది ప్రమీల. ఇవాళే దాన్ని తొలిసారి నడుపుతారు. పై అధికారి సాంబశివరావు బాగుందంటే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. తీరా బస్సు కదిలాక ఇంటికొచ్చి చూస్తే, బల్ల మీద ఒక కాగితం మిగిలిపోయింది.

ఎరుకమ్మ ఐదో తరగతి చదువుతో కూడబలుక్కుంది. అక్షరాలు ఇంగ్లీషువైనా మాటలు తెలుగే. "తవిటమ్మను ఆఖరికి తోసెయ్." దాని కింద, "గవరయ్య సున్నా అయితే అందర్నీ ఇంటికి పంపెయ్."

తవిటమ్మ పక్కింటావిడ. గవరయ్య ఎదురింటి మనిషి, తొమ్మిదింటి బోటు నడుపుతాడు. మనిషి సున్నా అయితే ఇంకేం మిగులుతుంది? పిల్ల ఏదో ఘోరంలో ఇరుక్కుంది. ఆ దీవి ఊళ్లో జైలంటే తెల్లవాళ్ల కాలం నాటిది, టికెట్టు కొని చూసే వింత. ఎరుకమ్మకి మాత్రం ఊచల వెనక ప్రమీలే కనిపించింది. కాగితం పట్టుకుని ఎదురింటికి పరిగెత్తింది.

"గవరయ్య భయ్యా, ఇయ్యాల బోటెక్కొద్దు! నీ మీద ఏదో రాసేసేరు!"

"ఎవలు రాసేరు దీదీ?"

"మా పిల్లే!"

గవరయ్య తుఫానుకి భయపడడు గానీ రాతకి భయపడతాడు. బోటు తాళంచెవి జేబులో వేసుకుని కూర్చున్నాడు. జెట్టీ గుమాస్తా బోటు లేదని నొక్కగానే కంప్యూటరు అరవైమంది టికెట్లూ రద్దు చేసింది. అరవైమందీ ఆఫీసు మీద పడ్డారు. ఈలోగా తవిటమ్మకీ సంగతి తెలిసి, "నన్నెక్కడికి తోస్తాదో అడుగుతాను, చల్!" అంటూ ఇద్దరినీ ఆటోలోకి లాగింది.

ఆఫీసులో సాంబశివరావు తల పట్టుకుని ఉన్నాడు. "ఏం పేర్లమ్మా ఇవి? రేపు నువ్వు సెలవు పెడితే తవిటమ్మ ఎవరో నాకెలా తెలుస్తుంది? పక్కన నువ్వు రాసిన వివరణ చదివితే ఇంకా భయమేస్తోంది!"

"గుర్తుంటాయని ప్రోగ్రాములో ఒక్కో భాగానికీ తెలిసినవాళ్ల పేర్లు పెట్టుకున్నాను సార్," అంది ప్రమీల ఏడుపు గొంతుతో.

"నానే తవిటమ్మని!" తలుపు తోసుకుని వచ్చిందామె. "పదేళ్లుగా టికెట్టు లైన్లో ఆఖర్నే నిలబడతన్నాను. ఇంకెక్కడికి తోస్తావే?"

సాంబశివరావు తల ఎత్తాడు. "అచ్ఛా... వెయిటింగు లిస్టు!"

"నాను రాకపోతే బోటు లేదు సార్," అన్నాడు గవరయ్య.

"గవరయ్య అంటే బోటు. సున్నా అంటే రాలేదని." సాంబశివరావు కిటికీ బయట అరుస్తున్న అరవైమందినీ చూశాడు. "అందర్నీ ఇంటికి పంపింది. ప్రోగ్రాము సరిగ్గానే ఉందమ్మా!"

ప్రమీల ఉద్యోగం నిలబడింది. పేర్లన్నీ మాత్రం సాయంత్రానికల్లా మార్చమన్నాడు, ఒక్కటి తప్ప. ఏ తప్పూ జరగకపోయినా పది నిమిషాలకోసారి "అంతా బాగుందా?" అని అడిగే భాగానికి ప్రమీల "అమ్మ" అని పెట్టింది. దానికి వివరణ అక్కర్లేదన్నాడు.

తిరుగు బస్సులో ఎరుకమ్మకి కొత్త దిగులు పట్టుకుంది: పది నిమిషాలంటే మరీ ఆలస్యం కాదూ?