మనిషికి ఒక్క కేక

జాజిలోవ కొండల్లో జిప్‌లైన్ మీద జారేవాళ్ళు వేసే కేకలు ఎక్కడికీ పోకుండా లోయలోనే ఉండిపోతాయి కాబట్టి, అక్కడ మనిషికి ఒక్క కేక చొప్పున మాత్రమే అనుమతిస్తున్నారు. మొదట్లో ఈ నిబంధన లేదు. తీగ కట్టిన మొదటి వేసవిలో ఎవరికి తోచినన్ని వాళ్ళు వేసి పోయారు. రెండు నెలలకల్లా లోయ సగం దాకా నిండిపోయింది. కాఫీ తోటల్లో కలుపు తీసే ఆడవాళ్ళకు ఒకరి మాట ఒకరికి వినపడక, సైగలతోనే పని కానివ్వవలసి వచ్చింది. అప్పుడు పర్యాటక శాఖవారు కేకల రిజిస్ట్రారు అని ఒక ఉద్యోగిని వేసి, టికెట్ల గది పక్కన ఆయనకు రేకుల షెడ్డు కట్టించి ఇచ్చారు.

మామూలు కేక, ఎండ బాగా కాస్తే, తొమ్మిది రోజుల్లో ఆరిపోతుంది. వానాకాలంలో నలభై రోజులు పడుతుంది. పైగా తడిసిన కేక బరువెక్కి మిరియాల తీగల్లో చిక్కుకుంటుంది. అలాంటివాటిని దోటీలతో దులపడానికి ఇద్దరు మనుషులున్నారు. గాలికి కొట్టుకుపోయి పక్క రాష్ట్రంలో పడే కేకల గురించి రెండు ప్రభుత్వాల మధ్య ఉత్తరాలు నడుస్తున్నాయి. రోజూ పొద్దున్నే రిజిస్ట్రారు లోయ అంచున నిలబడి, చెవి దగ్గర చెయ్యి ఆనించి విని, ఆ రోజుకు ఎన్ని కేకలకు చోటుందో బోర్డు మీద సుద్దముక్కతో రాస్తాడు. ఇంతవరకూ ఆయన లెక్క తప్పలేదు.

ఈ సంగతులన్నీ పైడిరత్నానికి నెల ముందే కంఠతా వచ్చు. ఆమె కింద మైదానంలో ఒక మున్సిపాలిటీలో నీటి సరఫరా ఫిర్యాదుల కౌంటరు గుమాస్తా. వయసు నలభై ఆరు. పందొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. కుళాయి రానివాళ్ళు వచ్చి ఆమె మీద కేకలేస్తారు, ఆమె తలవంచి రాసుకుంటుంది. కౌంటర్లో కూర్చున్నవాళ్ళు గొంతు పెంచకూడదని రూలు. ఇక ఇంట్లో కేకలు వేసే పని భర్తా మామగారూ చూసుకుంటున్నారు, మూడో మనిషికి ఖాళీ లేదు. అలా ఆమె బుద్ధెరిగిన తరవాత ఒక్క కేక కూడా వేయకుండానే బతుకు నడిచిపోతోంది. దానికామె ఎన్నడూ బాధపడలేదు. స్టాఫ్ టూరు నోటీసులో 'టికెట్టు, హెల్మెట్టు, భోజనం, ఒక కేక' అని చదివిన క్షణం నుంచి మాత్రం ఆమెకు కాలు నేల మీద నిలవలేదు.

నెల రోజులూ సాధన చేసింది. కుక్కరు విజిల్ వేసేటప్పుడు దానితో పాటు నోరు తెరిచి చూసుకునేది. శబ్దం రానిచ్చేది కాదు, దవడ అలవాటు పడితే చాలనుకుంది. ఒకరోజు భర్త చూశాడు.

"ఏటలా నోరు తెరిచీసి నిలబడిపోనావు?"

"ఆవలింతొచ్చిందండి."

ఆయన నమ్మాడు. ఆడవాళ్ళు అలిసిపోతారని ఆయనకు తెలుసు.

బయల్దేరిన రోజు బస్సులో పైడిరత్నానికి కిటికీ పక్క సీటు వచ్చింది. ఎవరికో కడుపులో తిప్పుతోందంటే ఇచ్చేసింది. తరవాత మధ్య సీటు వచ్చింది. దాన్ని కూడా ఎవరో కాళ్ళు చాపుకోవాలంటే ఇచ్చేసి, ఘాటు రోడ్డంతా ఇంజను పక్కన ఉన్న పెట్టె మీద కూర్చుని వచ్చింది. ఆఫీసులో ఏది తక్కువైనా మొదట ఆమె వైపే చూస్తారు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు, అదొక సదుపాయం. ఆమె మాత్రం ఆ పెట్టె మీద కూర్చునే మలుపులు లెక్కపెట్టుకుంటూ, ప్రతి మలుపుకీ లోపల్లోపల నవ్వుకుంటూ వచ్చింది. ఇంత ఆనందంగా తాను ఎప్పుడుందో ఆమెకే గుర్తులేదు.

గైడు కొర్రా చిలకమ్మ ఆ కొండల మనిషే. పాతికేళ్ళుంటాయి. బెల్టులు బిగించడంలో, భయపడేవాళ్ళకు ధైర్యం చెప్పడంలో, కేకలు లెక్కపెట్టడంలో శిక్షణ పొంది సర్టిఫికెట్టు తెచ్చుకుంది. పదకొండు మందినీ వరసగా నిలబెట్టి హెల్మెట్లు పెట్టించి, తోలు గ్లౌజులు తొడిగించి, చెప్పవలసినవన్నీ చెప్పింది.

"మూడు తీగలున్నాయండి. మొదటి రెండూ సిన్నవి, అక్కడ నోరిప్పకూడదు. కేక మూడో తీగ మీదే. అది తొమ్మిది వందల మీటర్లు, లోయ మీంచెళ్తాది. ఆపాలంటే గ్లౌజుతో తీగని కప్పీకి యెనకనుంచి మెల్లగా నొక్కండి. ముందునుంచి నొక్కకండి, యేళ్ళుండవు."

మొదటి తీగ మీద పైడిరత్నం కళ్ళు మూసుకుని జారింది. రెండో తీగ మీద తెరుచుకుంది. కాళ్ళ కింద పనస చెట్లు, వాటి బోదెలకు అంటుకుని చంటిపిల్లలంతేసి కాయలు, ఆ కింద మబ్బు. చెంపలకు చల్లగా తగిలి మబ్బు రెండు పాయలుగా విడిపోయింది. నోరు గట్టిగా బిగించుకుంది. ఇప్పుడే జారిపోతే ఎలా, దాచుకోవాలి. అవతల గట్టు మీద దిగేసరికి పెదాలు నవ్వుతున్నాయి. ఈలోగా చిలకమ్మ చుట్టుపక్కల కొమ్మల మీద ఉన్న పాత కేకల్ని చూపించింది. ఒకటి నిరుడొచ్చిన పళ్ళ డాక్టరుదట, నీడపట్టున పడి ఇంకా ఆరలేదు. దగ్గరికెళ్ళి వింటే సన్నగా వినపడింది. పైడిరత్నం రెండుసార్లు విని, బాగుందని మెచ్చుకుంది.

మూడో తీగ దగ్గర బోర్డు మీద పది అని రాసి ఉంది.

వీళ్ళు పదకొండు మంది. ముందురోజు మధ్యాహ్నం పడ్డ జల్లుకు ఒక పెళ్ళిబృందం వేసిన కేకలు ఆరలేదని రిజిస్ట్రారు చెప్పాడు. ఒకరు మౌనంగా జారాలి. అలాంటివారికి నోట్లో పెట్టుకోవడానికి శాఖ తరఫున ఒక ఉసిరికాయ ఇస్తారు. ఫారం మీద 'నా వంతు కేకను వదులుకొనుటకు సమ్మతించుచున్నాను' అని ఉన్న చోట సంతకం పెడితే సరిపోతుంది.

పదిమందీ పైడిరత్నం వైపు చూశారు. సూపరింటెండెంటు కూర్మారావు ఫారం మీద ఆమె పేరు కూడా రాసేసి, పెన్ను మూత తీసి అందించాడు. ఆయన మంచి మనిషి, ఆమె కూతురి పెళ్ళికి రెండు రోజులు సెలవు ఇప్పించాడు.

"రత్నం గారూ, మీరు కాస్త సర్దుకోండి. మీ వంతు కూడా కలిపి నేను గట్టిగా వేసేస్తాన్లెండి."

పైడిరత్నం పెన్ను తీసుకుంది. చెయ్యి అలవాటు ప్రకారం కాగితం మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది. ఈ ఒక్కటీ ఇచ్చేస్తే ఇక తన దగ్గర ఇవ్వడానికి కూడా ఏమీ ఉండదని ఆమెకు తెలిసిపోయింది.

"సంతకం పెట్టనండి," అంది.

కూర్మారావు ఆమెకు అర్థం కాలేదేమోనని ఫారం మొదటినుంచీ చదివి వినిపించాడు.

"అర్థమైంది సార్. నా కేక నేనే వేసుకుంటాను."

సమ్మతి లేనప్పుడు ఏం చేయాలో రూలు పుస్తకంలో ఉందని రిజిస్ట్రారు పేజీలు తిప్పాడు. జాబితాలో చివరి పేరున్నవారు వదులుకోవాలి. జాబితా తెప్పించారు. దాన్ని కూర్మారావే స్వయంగా టైపు చేయించాడు. ఆఫీసు పద్ధతి ప్రకారం సిబ్బంది పేర్లన్నీ పైన వేయించి, అధికారి కాబట్టి తన పేరు అన్నిటికన్నా కింద, హోదాతో సహా, పెద్ద అక్షరాలతో వేయించుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన పేరు ఏ కాగితంలోనైనా అట్టడుగునే ఉంటుంది. రిజిస్ట్రారు పైనుంచి వేలుపెట్టి లెక్కపెట్టి, పదకొండో పేరు దగ్గర ఆగాడు. కూర్మారావు కాగితాన్ని గౌరవించే మనిషి. ఉసిరికాయ నోట్లో వేసుకున్నాడు.

ఇక కేక ఫారం. రకం అన్న చోట భయం, సంతోషం, ఇతరములు అని మూడు గళ్ళున్నాయి. పైడిరత్నం చాలాసేపు ఆలోచించింది.

"రెండు గళ్ళు టిక్కు పెట్టొచ్చా అమ్మా?"

"ఒక్కటేనండి. తెలీపోతే ఇతరములు పెట్టీండి," అంది చిలకమ్మ. "సానామంది అదే పెడతారు."

పెట్టింది. చిలకమ్మ బెల్టు బిగించి, కప్పీ తీగ మీదికెక్కించి, వీపు మీద అరచేయి ఆనించింది.

"అమ్మగారూ, కిందకి సూడకండి, ఎదరకి సూడండి. ఎళ్తారా?"

"వెళ్తాను," అంది పైడిరత్నం. అంటూనే వెళ్ళిపోయింది.

నేల ఒక్కసారి కాళ్ళ కిందనుంచి జారిపోయింది. తీగ బుర్రుమంది. లోయ మొత్తం, దాని కాఫీ తోటలూ, సిల్వరోకు చెట్లూ, దారంలాంటి ఏరూ, అన్నీ ఒకేసారి ఆమె మీదికి లేచి వచ్చాయి. చీర కుచ్చిళ్ళు బెల్టులో బిగిసి ఉన్నా కొంగు ఊడివచ్చి వెనక ఎగిరింది. ఆమె ఇన్నాళ్ళూ కుక్కరు దగ్గర అలవాటు చేసుకున్నట్టే నోరు తెరిచింది. ముందు పిల్లికూనలా సన్నటి శబ్దం వచ్చింది. తరవాత కేక వచ్చింది.

అది అమ్మా అని కాదు, అయ్యో అని కాదు. అందులో మాటలేవీ లేవు. అది కడుపు అడుగునుంచి లేచి, గొంతును పూర్తిగా నింపుకుని, తీగకన్నా ముందు అవతలి కొండను చేరింది. ఆమెకు ఎంత బాగుందంటే, నీళ్ళు కారుతున్న కళ్ళతోనే నవ్వింది. నవ్వుతున్నా కేక ఆగలేదు.

మామూలు కేక పదకొండు సెకన్లుంటుంది. తీగ ప్రయాణం డెబ్బై సెకన్లు. పైడిరత్నం అవతలి గట్టు మీద దిగాక కూడా కేక సాగుతూనే ఉంది. బెల్టు విప్పారు, హెల్మెట్టు తీశారు, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మంచినీళ్ళిస్తే చేత్తో వద్దంది. రిజిస్ట్రారు గడియారం చూసుకుంటూ రెండో పేజీలోకి వెళ్ళాడు. ఆ కేక తొక్కిడికి లోయలో ఉన్న పాత కేకలన్నీ, పళ్ళ డాక్టరుదానితో సహా, అంచులు పొర్లి పక్క రాష్ట్రంలోకి పోయాయి. నలభై రెండు నిమిషాలకు ఆమె నోరు మూసుకుని, కొంగు సర్దుకుని, ఆకలేస్తోందంది. అందరితో కూర్చుని బొంగు చికెన్ రెండుసార్లు వడ్డించుకుని తింది. తిరుగు ప్రయాణంలో ఎవరూ అడగకముందే వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది.

ఆ కేక తొమ్మిది రోజులకు ఆరలేదు. నలభై రోజులకూ ఆరలేదు. బోర్డు మీద రోజూ సున్నా రాయవలసి వస్తోందని రిజిస్ట్రారు పైకి రాశాడు. ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చి లోయ అంచున కుర్చీలు వేసుకుని రెండు రోజులు విన్నది. మొదటి రోజు దాన్ని తొలగించాలనుకున్నారు. రెండో రోజు మధ్యాహ్నం సభ్యుల్లో ఒకాయన, తాను ఎన్నాళ్ళుగానో వేద్దామనుకుంటున్నది కూడా అందులో వినపడుతోందని చెప్పాడు. మిగతా ఇద్దరూ మళ్ళీ విని, తమవి కూడా ఉన్నాయని ధ్రువీకరించారు. వాళ్ళ వెంట వచ్చిన డ్రైవరుదీ ఉంది. నివేదికలో, సదరు కేక సమగ్రముగా ఉన్నందున ఇకపై ఎవరూ విడిగా వేయనవసరం లేదనీ, అందరి పక్షాన వేసినట్టే భావించవచ్చుననీ రాశారు.

జిప్‌లైన్ ఎప్పటిలాగే నడుస్తోంది. జనం నోరు మూసుకుని, ఫోనులో వీడియో తీసుకుంటూ హాయిగా జారుతున్నారు. దిగాక ఒక రసీదు ఇస్తారు, 'తమరి పక్షాన కేక వేయబడినది' అని. పద్ధతి బాగుందని పేరొచ్చింది. ఆరు నెలల్లో బస్టాండ్లకూ, ఆసుపత్రులకూ, రేషను దుకాణాలకూ అదే ఉత్తర్వు వర్తింపజేశారు. ఎక్కడా గొడవ లేదు.

పైడిరత్నం ఇంకో కేకకు దరఖాస్తు పెట్టుకుంది. మొదటిది ఇంకా నడుస్తున్నందున రెండోది పరిశీలించలేమని జవాబు వచ్చింది. ఆమె దాన్ని మడిచి బీరువాలో పెట్టుకుంది. ఆరోజు తీగ మీద కలిగిన ఆనందం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది.

ఆమె కౌంటరు దగ్గర ఇప్పుడు చాలా ప్రశాంతంగా ఉంటోంది. కూర్మారావు ఒక కొత్త రిజిస్టరు తెచ్చి స్వయంగా గీతలు కొట్టించి ఇచ్చాడు. నీళ్ళు రానివాళ్ళు వరసలో వచ్చి, తమ పక్షాన కేక వేయబడినట్టు సంతకం పెట్టి వెళ్తారు. మొన్న ఒక ముసలావిడ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. వీధిలో పన్నెండు రోజులుగా కుళాయి లేదట. కౌంటరు మీదికి వంగి, పైడిరత్నం ముఖాన్ని పరీక్షగా చూసింది.

"నా కేక కూడా నువ్వే ఏసీసినావంట కదమ్మా?"

"అవును మామ్మా."

"బాగా ఏసినావా?"

"బాగానే ఏసినాను."

ముసలావిడకు తృప్తిగా అనిపించింది. వేలిముద్ర వేసి, వేలికంటిన సిరా కొంగుకు తుడుచుకుని, ఖాళీ బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.