నల్ల అంచు ఫొటో

ఆ ఆదివారానికి నారిన్ పట్టణపు హాస్యనటుడు కదిరాలి అనుకున్నది చాలా చిన్న కార్యక్రమం. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో, పండుగలలో చెప్పిన కబుర్లన్నీ పోగేసి తొలి పుస్తకం వేయించాడు. పన్నెండింటికి ఓ పదిమంది ఇంటికి వస్తారు, టీ తాగుతారు, రెండు కథలు చదివి వినిపిస్తాడు. అంతే.

ఈ ఒక్కసారైనా జనం తనను రచయితగా చూడాలని అతని కోరిక. అందుకే బజారులో అంటించిన ప్రకటనలో నవ్వని ఫొటో వేయించి, హుందాగా ఉంటుందని చుట్టూ నల్ల అంచు పెట్టించాడు. కింద పెద్ద అక్షరాలతో "ఆదివారం కదిరాలి ఇంటికి అందరూ రండి" అని ఉంది. పుస్తకం ఊసు చిన్న అక్షరాలలో ఉంది.

పది గంటలకు వీధి మలుపు నుంచే గొంతెత్తి ఏడుస్తూ తొలొగొన్ బాబాయి వచ్చాడు. అసలే చూపు మందం. గేటు దగ్గర నిలబడ్డ కదిరాలి భుజం మీద వాలిపోయాడు.

"నా కొంప మునిగిందిరోయ్!"

వేసవిలో మంచం పట్టిన పిన్నే పోయిందనుకున్నాడు కదిరాలి. "ఎప్పుడు బాబాయ్?"

"నిన్న బజారులో తెలిసింది నాయనా!"

కదిరాలి టోపీని కళ్ళ దాకా లాక్కుని, బాబాయి పక్కన తల వంచుకు నిలబడి, మర్యాదకు లోటు లేకుండా భోరుమన్నాడు. అది విని, వీధిలో చేరి అంతవరకూ అనుమానంగా ఉన్నవాళ్ళకు కూడా నమ్మకం కుదిరింది. పొరుగువాళ్ళు చావింటి ఆచారం ప్రకారం పెరట్లో యుర్త్ గుడారం వేశారు; బాబాయి ఇల్లు ఇరుకని ఇక్కడ వేస్తున్నారనుకున్నాడు కదిరాలి. వచ్చినవాళ్ళ భోజనాలకు గొర్రెను కోశారు. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళి అతని భార్య జిపారాను కావలించుకుని ఏడ్చారు. పిన్నత్తగారి కోసం ఆమె కూడా ఏడ్చింది.

అంతలో ఆ పిన్నే శోకాలు పెడుతూ గేటులోంచి వచ్చింది.

కదిరాలి ఏడుపు ఆపేశాడు. పక్కనున్న మనిషిని తట్టి, "ఇంతకీ పోయిందెవరన్నా?" అని అడిగాడు.

"కదిరాలి."

"ఏ కదిరాలి?"

"ఇంకే కదిరాలి? ఆ జోకులు చెప్పేవాడే, పాపం. బజారులో చావు కబురు అంటించారుగా, నల్ల అంచు ఫొటోతో!"

కదిరాలి నోరు తెరవబోయాడు. సరిగ్గా అప్పుడే పోయినవాడి గురించి రెండు మాటలు చెప్పడానికి ఎసెన్‌కుల్ ముందుకు వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ప్రతి వేదిక మీదా కదిరాలికి పోటీ అతను. ఏనాడూ కదిరాలి జోకుకు పెదవి కదిపి ఎరగడు. కదిరాలి నోరు మూసుకుని చెవులు రిక్కించాడు.

"ఒప్పుకుంటున్నాను. వాడు నాకంటే గొప్పోడు. వాడు జోకేసినప్పుడల్లా బయటికెళ్ళి, గోడచాటున నవ్వుకుని వచ్చేవాణ్ణి. ఆ పుస్తకంలో ప్రతి మాటా బంగారం!"

కదిరాలి ఇక ఉండబట్టలేక టోపీ పైకెత్తాడు. "ఆ చివరి ముక్క ఇంకోసారి చెప్పవా?"

పిన్ని కెవ్వుమంది. నలుగురు గేటు దూకారు. విషయం తెలిశాక తొలొగొన్ బాబాయి చేతికర్ర ఎత్తాడు.

"పొద్దుటినుంచీ నన్ను ఏడిపిస్తావురా, సన్నాసీ!"

చివరికి అందరూ కూర్చుని మాంసం తిన్నారు. కదిరాలి వెళ్ళి ఎసెన్‌కుల్ పక్కన చేరాడు. "నేను నీకంటే గొప్పోణ్ణన్నావు కదూ?"

"అది పోయినవాడి గురించి అన్నాను," అంటూ ఎసెన్‌కుల్ ఎముక చీకాడు. "నీ సంగతి వేరు."

ఆ పుస్తకానికి దక్కిన ఒకే ఒక్క మంచి మాట అలా పూట గడవకముందే వెనక్కి వెళ్ళిపోయింది.