స్టోరు గదిలోంచి పొగ

ఆదివారం పొద్దున్న ప్రూఫ్‌రీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య టైలరు దగ్గరికి వెళ్తుంది. ఆమె తిరిగొచ్చేలోగా స్టోరు గదిలో కూర్చుని చెక్క మీద ఆమె బొమ్మ పూర్తి చేయాలి. సాయంత్రం పెళ్లిరోజు కానుకగా చేతిలో పెట్టాలి. కిందటేడు పెళ్లిరోజు మరిచిపోయి పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు.

ఈ విద్యకు పైరోగ్రఫీ అని పేరు. పెన్నులాంటి కరెంటు పరికరం, దాని కొసన ఎర్రగా కాలే లోహపు ముక్క, దానితో చెక్కను మాడుస్తూ బొమ్మ గీయడం. సిగరెట్లు మానేసినప్పుడు డాక్టరు, "చేతులకేదైనా పని చెప్పండి, లేకపోతే మళ్లీ అగ్గిపెట్టె వెతుక్కుంటాయి" అన్నాడు. లోకంలో ఇన్ని పనులుండగా మళ్లీ నిప్పూ పొగా ఉన్నదాన్నే ఎంచుకోవడం ఈయన తలరాత. ఇంకోసారి సిగరెట్ ముట్టుకుంటే మా అన్నయ్య ఇంటికి వెళ్లిపోతానని భార్య ఎప్పుడో చెప్పేసింది. ఆమె ఊరికే అనే మనిషి కాదు.

అసలు చిక్కు ఆయన వృత్తిలో ఉంది. ఏళ్ల తరబడి అచ్చుతప్పులు దిద్దిన చెయ్యి అది, తప్పు కనబడితే ఆగదు. కాగితం మీదైతే కొట్టేసి పక్కన రాయవచ్చు. చెక్క మీద మాడిన గీత మాడిందే. ఎడమ కన్ను చిన్నదైందని పెద్దది చేశాడు. అప్పుడు కుడి కన్ను చిన్నదిగా కనబడింది. దాన్నీ పెద్దది చేశాడు. ఆ కళ్లకు ముక్కు చాలలేదు. ముక్కు కూడా దిద్దేసరికి బొమ్మలోని భార్య ఎవరినో కొట్టడానికి బయలుదేరినట్టు తయారైంది. ఆయన తల పట్టుకున్నాడు.

టైలరు దుకాణం మూసి ఉందట, భార్య వెళ్లిన కాళ్లతోనే తిరిగి వచ్చింది. ఆయన గబగబా స్టోరు గది తలుపు మూసి, గొంతు మండుతుంటే పుదీనా బిళ్ల ఒకటి నోట్లో వేసుకుని ఎదురెళ్లాడు. సిగరెట్ తాగే రోజుల్లో కూడా సరిగ్గా అదే బిళ్ల వేసుకుని అలాగే ఎదురెళ్లేవాడు.

"ఏమండీ, ఏమిటా వాసన?"

"పక్కింటి టీచరమ్మ చెత్త తగలబెట్టినట్టుంది."

అంతటితో ఊరుకుంటుందనుకోవడం ఆయన అమాయకత్వం. ఆమె తిన్నగా పక్కింటికి వెళ్లి అడిగేసింది. టీచరమ్మ బడిపిల్లల అబద్ధాలు విని విని ఆరితేరిన మనిషి.

"చెత్తా? నేనా? మీ స్టోరు గది కిటికీలోంచి రోజూ పొగ వస్తుంటే మర్యాదకి ఊరుకున్నాను. మీవారినే అడగండమ్మా."

భార్య తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నా మొహం చూసి చెప్పండి. మళ్లీ మొదలెట్టారా?"

నిజం చెబితే బొమ్మ చూపించాలి. ఇప్పుడున్న రూపంలో అది చూస్తే ఆమె అన్నయ్య ఇంటికి కాదు, నేరుగా కోర్టుకే వెళ్తుంది. ఆయన తల వంచుకున్నాడు.

"ఒక్కటే తాగాను."

చేయని తప్పు ఒప్పుకోవడం ఎంత బాధో ఆయనకు అప్పుడే తెలిసింది. తాగి అబద్ధమాడిన రోజుల్లో ఎంత హాయిగా ఉండేవాడు.

భార్య ఫోను తీసి, "అన్నయ్యా, కారు తీసుకురా, వచ్చేస్తున్నా" అంది. ఆ బావగారు అగ్నిమాపక కేంద్రంలో అధికారి. అన్నాచెల్లెళ్లది ఒకే అచ్చు, ఆయన గుబురు మీసాలొక్కటే తేడా. కారులో ఎప్పుడూ మంటలార్పే ఎర్ర సిలిండరు పెట్టుకుని తిరుగుతారు. రాగానే హాల్లో నిలబడి గట్టిగా గాలి పీల్చారు.

"నిప్పు లేనిదే పొగ రాదు బావగారూ. ఇన్నేళ్ల సర్వీసులో నా ముక్కు ఒక్కసారి కూడా మోసపోలేదు. ఇది సిగరెట్టే. అదీ చవకరకం."

పడకగదిలో పెట్టె సర్దుతున్న చప్పుడు. ఇక ఒకటే దారి. ఆమె గడప దాటేలోగా బొమ్మ బాగుచేసి చూపించాలి. ఆయన స్టోరు గదిలో దూరి గడియ పెట్టుకుని, పెన్ను వేడి చివరిదాకా పెంచాడు. పెదవి దిద్దుతుంటే పైపెదవి మీద ఒక గీత పక్కకు జారింది. రెండోవైపు కూడా అలాంటిదే ఉంటే సరిపోతుందనిపించింది. తర్వాత రెండూ కలిస్తే నయమనిపించింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. తలుపు కింద నుంచి పొగ హాల్లోకి వచ్చింది.

"సిగరెట్ పెట్టె మొత్తం ఒకేసారి అంటించినట్టున్నాడమ్మా. బావగారూ, తలుపు తియ్యండి."

"ఇంకొక్క గీత," అని లోపలి నుంచి దగ్గుతూ జవాబొచ్చింది.

బావగారు భుజంతో ఒక్క తోపు తోసి, సిలిండరు మొత్తం గదిలో ఖాళీ చేశారు. తెల్లపొడి సర్దుకున్నాక, నెత్తి నుంచి కాళ్లదాకా పిండిబొమ్మలా ప్రూఫ్‌రీడరు కనిపించాడు, చెక్కను గుండెకు కరుచుకుని. భార్య దాన్ని లాక్కుని చేత్తో తుడిచింది. చాలాసేపు చూసింది.

"ఇది మా అన్నయ్య కదూ?"

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. కోతి అయినవాళ్లు అదృష్టవంతులు, ఈయనకు బావగారు అయ్యారు. అది నువ్వేనని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. మీసాల వంక చూశాడు. నోరు మూసుకున్నాడు.

"అవును. ఇది దాచడానికే సిగరెట్ తాగానన్నాను."

బావగారి కళ్లు చెమర్చాయి. "మా ఆవిడ కూడా నాకెప్పుడూ ఇలాంటిది చేయించలేదు బావగారూ." ఆ చెక్కను చంకలో పెట్టుకుని వెళ్లి, ఆఫీసులో తన కుర్చీ వెనక తగిలించుకున్నారు. చూసినవాళ్లందరూ తమ బొమ్మలూ కావాలన్నారట.

భార్య పెట్టె విప్పి బట్టలు బీరువాలో పెట్టింది. "అనవసరంగా అనుమానించాను. ఇక పొగ వచ్చినా పల్లెత్తు మాట అనను. సరే గానీ, పెళ్లిరోజు కదా, నాకేం తెచ్చారు?"

ఆయన చేతులకంటిన తెల్లపొడి దులుపుకున్నాడు.

"ఈ ఏడూ మరిచిపోయారన్నమాట," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన ఆ తెల్లపొడిలోనే కూలబడ్డాడు. జీవితంలో అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆయన స్టోరు గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంటాడు. పెన్ను పక్కన పడేసి సిగరెట్ వెలిగిస్తాడు. పాపం బొమ్మలతో ఎంత కష్టపడుతున్నారోనని భార్య తలుపు దగ్గర మంచినీళ్లు పెట్టి వెళ్తుంది. మొన్న బావగారు కూడా వచ్చి, గుమ్మంలో నిలబడి గట్టిగా గాలి పీల్చి, "మంచి టేకు" అన్నారు.