ఏ ‘వానొచ్చేలా ఉంది’ అండీ?

పాటలకు వేరువేరు పేర్లు పెట్టడం శుద్ధ దండగ! నన్నడిగితే దేశం మొత్తానికి ఒకే పేరు చాలు. ప్రేమ పాటకూ అదే, పెళ్ళి పాటకూ అదే, విడాకుల పాటకూ అదే. ఆల్బమ్‌కి కూడా అదే పెట్టేస్తే ఇంకా సుఖం!

నవ్వకండి. నేను అమెరికాలో పాటలకు పేరుమోసిన నాష్‌విల్‌లో ఇరవయ్యేళ్ళుగా ఉంటున్నాను. ఈ ఊళ్ళో పాట రాయనివాడు మా పళ్ళ డాక్టరొక్కడే అనుకునేవాణ్ణి. మొన్న నా నోట్లో గొట్టం పెట్టి, నేను కాదనలేని స్థితిలో, ఆయనా ఒకటి వినిపించాడు. ఇంతమంది రాస్తుంటే అన్ని పేర్లు ఎక్కణ్ణుంచి తెస్తారు?

పేర్లు కలవడం ఎంత మేలో మా ఎలోయిస్ ప్రూయిట్‌ని చూశాక తెలిసింది. మా వీధి చివరి చేపల హోటల్లో గురువారాలు పాడుతుందామె. వాళ్ళమ్మ పోయాక ఆవిడ గిటార్ ఎవరికన్న దగ్గర తమ్ముడు రాయిస్‌తో చెడింది. అతను గిటార్ పట్టుకుని మెంఫిస్ వెళ్ళిపోయాడు. రెండేళ్ళు మాటల్లేవు. చివరికి ఎలోయిసే దిగొచ్చి, నువ్వు లేక ఇల్లు బోసిపోయిందంటూ ఒక పాట కట్టి, రికార్డు చేసి, తమ్ముడికి మెసేజ్ పెట్టింది: "‘వానొచ్చేలా ఉంది’ విను. నీ కోసమే రాశా."

రాయిస్ కారులో ఉన్న, పేరు చెబితే పాట వేసే యంత్రాన్ని అడిగాడు. అదీ వినయంగా వినిపించింది. కాకపోతే, అదే పేరుతో ఊరంతా మోగుతున్న ఒక కుర్రాడి పాట! పీడ విరగడైంది, మళ్ళీ నీ మొహం చూపించకు అంటూ సాగుతుంది. మధ్యమధ్య ఈలలు!

ఆ గురువారం నేను వేయించిన చేప తింటుంటే రాయిస్ తలుపు తోసుకుని వచ్చాడు. గిటార్ తెచ్చి అక్క ముందు పెట్టాడు.

"ఇదిగో, నువ్వే ఉంచుకో! నేను పీడనా? పైగా ఈలలు కూడానా?"

"ఈలలేంట్రా? నా పాటలో ఈలలెక్కడివి?"

"బుకాయించకే అక్కా! దారి పొడుగునా అదే విన్నా!"

"ఎవడిది విన్నావురా మొద్దూ? మగాడి గొంతని కూడా తెలీలేదా?"

రాయిస్ కాస్త తగ్గాడు. "నీకు జలుబు చేసిందేమో అనుకున్నా."

హోటలంతా గొల్లుమంది. ఎలోయిస్ కళ్ళు తుడుచుకుని, అమ్మ గిటార్ అందుకుని, అసలు పాట పాడింది. రాయిస్ టోపీ మొహం మీదికి లాక్కుని కూర్చున్నాడు. వెక్కిళ్ళకి ఎగురుతున్న భుజాలు మాత్రం దాచుకోలేకపోయాడు.

చూశారా? సరైన పాట విని ఉంటే ఏం చేసేవాడు? ఫోన్లో ఒక ఎర్ర గుండె బొమ్మ పంపి ఊరుకునేవాడు! పేరు కలవబట్టే మూడు గంటలు కారు తోలుకుంటూ వచ్చాడు. ఇంతకంటే మేలుంటుందా?

మర్నాడు ఆ పాట మళ్ళీ వినాలనిపించి మా ఇంట్లో యంత్రాన్ని అడిగాను. కుర్రాడే వచ్చాడు. ఎలోయిస్ పేరు చెప్పి, అక్షరం అక్షరం పలికి అడిగాను. మీకిది నచ్చుతుంది అంటూ మళ్ళీ కుర్రాడే! సరే, గురువారం దాకా ఆగితే పోయేదేముంది అనుకున్నాను.

గురువారం వెళ్తే ఆమె పాడే మూల ఖాళీగా ఉంది. గోడకి కొత్త స్పీకర్ వేలాడుతూ ఈలలు వేస్తోంది. ఎలోయిస్ ఏదని యజమాని లీలండ్‌ని అడిగాను.

"మాన్పించేశామండీ," అన్నాడు నిమ్మకాయ కోస్తూ. "మీరేం దిగులు పడకండి. ఆ పాట గంటకోసారి వేస్తూనే ఉన్నాంగా!"