మైకన్న తొలగించిన అడ్డంకులు

ఆ ఉదయం మైకన్న చేయవలసిన పని ఒక్కటే. చెల్లెలు పాఠం చెప్పే బడికి వెళ్లి, గోడమీద ఊగుతున్న నల్లబల్లకు మేకు కొట్టి రావాలి. ఆమె మూడో తరగతి టీచర్. చదివింది పిల్లలకు అర్థమవుతోందో లేదో చూడటానికి ఆ రోజు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. అర్థం కావడం లేదని తేలితే, ఆమె పట్టుబట్టి తెచ్చుకున్న కథల పీరియడ్‌ను పీకేసి ఎక్కాలకు ఇచ్చేస్తారు.

టీ తాగుతూ ఆమె నోరు జారింది. చదివింది బుర్రకెక్కాలంటే గది చుట్టూ గోల ఉండకూడదు, వెలుతురు ఉండాలి, కడుపులో ఏదో ఒకటి పడి ఉండాలి, మనసులో భయం ఉండకూడదు అంది. ఆమె కబుర్లాగా చెప్పింది, మైకన్న డిమాండ్లుగా విన్నాడు. ఎవరు ఏ బాధ చెప్పుకున్నా దాన్ని డిమాండ్లుగా మార్చి, ఎదురుగా ఎవడో ఒకణ్ణి నిలబెట్టి కేకలేయడం తప్ప ఆయనకు ఇంకో విద్య రాదు. అదైనా బడిలో నేర్చింది కాదు, సభల్లో గొంతు చించుకుని నేర్చింది.

"మేకు కొట్టి వచ్చెయ్ అన్నయ్యా. ఇంకేం చెయ్యకు," అంది చెల్లెలు.

"నేనేం చేస్తానే? నోరే విప్పను."

బడి గోడకు ఆనుకుని వెల్డింగు షాపు ఉంది. మేకు సంగతి మరిచి మైకన్న నేరుగా అక్కడికి నడిచాడు. గంటసేపు పని ఆపమన్నాడు. మధ్యాహ్నానికి గేటు ఇవ్వాలి, కుదరదన్నాడు వెల్డరు. దాంతో మైకన్న పసిపిల్లల హక్కుల మీద ఉపన్యాసం ఎత్తుకున్నాడు. దారిన పోయేవాళ్లు మూగారు. వాళ్ల గోల వెల్డింగును మించిపోయింది. వెల్డరుకు విసుగొచ్చి మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు. బడికీ కరెంటు ఆ డబ్బాలోంచే వెళ్తుందని అప్పుడు తెలిసింది. ఒక్క కిటికీ ఉన్న మూడో తరగతి గది చీకటైపోయింది. వెల్డింగు మోత పోయింది, దానితోపాటు వెలుతురూ పోయింది.

అయితే బయట కూర్చోబెడదాం అన్నాడు మైకన్న. చెల్లెలు వద్దు మొర్రో అంటున్నా పిల్లల్ని ఆవరణలోకి నడిపించాడు. ఎండ మాడ్చేస్తోంది. సభలకు వాడే గుడ్డ పందిరి ఇంట్లో ఉందని గుర్తొచ్చి, షాపు దగ్గర మూగినవాళ్లనే వెంటబెట్టుకుని వెళ్లి తెచ్చి కట్టించాడు. దాని అంచున మూరెడు అక్షరాలతో 'మా ప్రాణాలైనా ఇస్తాం' అని ఉంది. దాని కింద పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు.

తరువాత ఆకలి. బిస్కెట్లు తెచ్చి పంచాడు. అది చూసి రెండో తరగతీ నాలుగో తరగతీ వాళ్ల టీచర్ల చేతులు విడిపించుకుని ఊడిపడ్డాయి. పళ్లాలు లేవు కాబట్టి పరీక్షకోసం ఉంచిన కథ కాగితాల మీదే బిస్కెట్లు పెట్టారు, మీద ఎవరో మంచినీళ్లు ఒలకబోశారు. అందరినీ కూర్చోబెట్టడానికి మైకన్న అలవాటుగా చేతిమైకు తీశాడు. ఆ మోత విని ఇదేదో ధర్నా అనుకుని వీధిలో సగం మంది లోపలికొచ్చి, ఎందుకో అడక్కుండానే నినాదాలు మొదలెట్టారు. భయం పోగొట్టడానికి మాత్రం ఆయన ఏమీ చేయనక్కరలేకపోయింది. ఆయనంటే పిల్లల్లో ఎవరికీ అది మొదటినుంచీ లేదు.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు గేటు దగ్గర దిగాడు. పందిరి మీద అక్షరాలు చదివాడు.

"సమ్మె ఎప్పట్నుంచి?" అన్నాడు.

"సమ్మె కాదండీ. కథల పీరియడ్," అంది చెల్లెలు.

జనాన్ని బయటికి పంపించాక ఇన్‌స్పెక్టరు పిల్లల చేత చదివించడానికి ఏదైనా ఇమ్మన్నాడు. కథ కాగితాలు ముద్దయ్యాయి. పుస్తకాలు చీకటి గదిలో చేతికి దొరకలేదు. ఇంతలో మైకన్న సంచిలోంచి తన కొత్త కరపత్రం తీసి, ఇది పిల్లల చదువు మీదే రాశానండీ అని గర్వంగా అందించాడు. చెల్లెలు కళ్లు మూసుకుంది.

రెండు జడల పిల్ల లేచి గడగడా చదివింది. "సమస్త బాల్యపు భవితవ్యాన్ని నిరంతర నిర్లక్ష్యపు చీకటి గుహలలో సమాధి చేయు సకల శక్తుల కుట్రపూరిత మౌనాన్ని భగ్నం చేయగల చారిత్రక ఘడియ ఆసన్నమైనది, కదలి రండి."

"ఏం అర్థమైందమ్మా?"

పిల్ల మైకన్న వైపు వేలు చూపించింది. "ఈయనకి చాలా కోపంగా ఉందండీ."

"ఎవరి మీద?"

ఆమె పైనుంచి కిందికి మళ్లీ చూసింది. "అది రాయలేదండీ. రండి అన్నారు గానీ ఎక్కడికో కూడా రాయలేదు. వెళ్లి ఏం చెయ్యాలో కూడా లేదు."

ఇన్‌స్పెక్టరు కాగితం తీసుకుని తానే చదివాడు. మళ్లీ చదివాడు. తల ఎత్తి మైకన్నను అడిగాడు, ఎవరి మీదండీ అని. మైకన్న మైకు నోటిదాకా ఎత్తి దించేశాడు.

"రాసేటప్పుడు తెలిసినట్టే ఉంది సార్," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. చెల్లెలి వైపు తిరిగాడు. "రాసింది అర్థం చేసుకునేవాళ్లని చాలామందిని చూశానమ్మా. రాయంది కూడా మీ పిల్లలు పట్టేస్తున్నారు. కథల పీరియడ్ ఉంచుకోండి."

ఇప్పుడు మైకన్న కరపత్రాలు అచ్చుకు వెళ్లేముందు మూడో తరగతికి వెళ్తున్నాయి. ఇంతవరకు ఒక్కటీ పాస్ కాలేదు.